మధ్యయుగపు ఫ్రెంచి చర్చి నిర్మాణ చరిత్రను తేల్చడం ఎలా? సెయింట్ డెనీ ఉదాహరణగా ఒక సమగ్ర మార్గదర్శి

పారిస్‌కు ఉత్తరాన ఉన్న సెయింట్ డెనీ చర్చి గురించి ఏ పుస్తకం తెరిచినా గోథిక్ నిర్మాణ శైలి 1144లో అక్కడే పురుడు పోసుకుందని రాసి ఉంటుంది. ఆ మాట చదువుకుని లోపలికి వెళ్ళి తల ఎత్తిన వారికి కనిపించే పెద్ద గాజు కిటికీలు, సన్నని స్తంభాలు, ఎత్తయిన కప్పు మాత్రం 1231 తర్వాత కట్టినవి. 1144 నాటి పనిని చూడాలంటే పూజావేదిక వెనుక ఉన్న ప్రదక్షిణ మార్గంలోకి నడవాలి. దాని కింది భూగృహంలో అంతకంటే మూడు శతాబ్దాలు పాతవైన గోడలున్నాయి. పడమటి ముఖద్వారాల మీది శిల్పాలలో చాలా భాగం 19వ శతాబ్దంలో మళ్ళీ ఉలి పడినవి. ఒకే కప్పు కింద ఇన్ని కాలాలు ఉన్నప్పుడు ‘ఈ చర్చిని ఎప్పుడు కట్టారు’ అన్న ప్రశ్నకు జవాబుగా ఒక సంవత్సరాన్ని చెప్పడం కుదరదు. ఈ గోడ ఎప్పటిది, పక్క గోడకు ముందుదా వెనుకదా, అలాగని మనకెలా తెలుసు అనే చిన్న ప్రశ్నలుగా దాన్ని విడగొట్టుకోవాలి.

ఈ పనిలో కాగితం ఒక సాక్షి, రాయి మరొక సాక్షి. కాగితంలో ఒక తేదీ దొరకగానే దాన్ని ఎదురుగా ఉన్న గోడకు అంటగట్టడమే ఇందులో జరిగే అతి పెద్ద పొరపాటు. ఇద్దరు సాక్షులనూ విడివిడిగా విచారించి, చివరలో మాత్రమే ఎదురెదురుగా నిలబెట్టాలి. కింది మెట్లన్నీ ఆ క్రమంలోనే ఉన్నాయి.

మొదటి మెట్టు: భాగాలకు పేర్లు పెట్టడం

ఏ పత్రమూ తెరవకముందే చర్చి నేల పటం ఒకటి సంపాదించాలి, లేదా అడుగులతో కొలిచి గీసుకోవాలి. మధ్యయుగపు చర్చి సాధారణంగా తూర్పు ముఖంగా పూజ జరిగేలా కట్టబడి ఉంటుంది. పడమట ముఖమండపం, తర్వాత జనం నిలిచే పొడవాటి ప్రధాన మండపం, దాన్ని అడ్డంగా కోసే అడ్డమండపం, తూర్పు కొసన మఠవాసులు కూర్చుని ప్రార్థన చేసే వేదిక భాగం, దాని చుట్టూ ప్రదక్షిణ మార్గం, ఆ మార్గం వెంట చాపెళ్ళు అనే చిన్న ప్రార్థన గదులు ఉంటాయి. రెండు స్తంభాల మధ్య ఉన్న ప్రతి అంకణానికీ పడమటి నుంచి తూర్పుకు ఒక సంఖ్య, ఉత్తర దక్షిణాలకు ఒక అక్షరం ఇవ్వాలి. ‘ఎడమవైపు మూడో స్తంభం దగ్గర’ అని రాసుకున్న గమనిక ఆరు నెలల తర్వాత రాసిన వారికే అర్థం కాదు.

ప్రతి అంకణాన్నీ నిలువునా కూడా విడగొట్టాలి. కింది కమాను వరస, దాని పైన గోడలో నడిచే సన్నని దారి, ఆపైన కిటికీల వరస, కప్పు, కప్పు పైన కనబడని కొయ్య చట్రం ఒక్కొక్కటీ వేర్వేరు కాలానివి కావచ్చు. సెయింట్ డెనీ వేదిక భాగమే దీనికి తార్కాణం: చుట్టూ ఉన్న ప్రదక్షిణ మార్గమూ ఏడు చాపెళ్ళూ 1140 దశకానివి, నడిమి భాగపు పై అంతస్తులన్నీ 13వ శతాబ్దానివి. అడ్డంగా మాత్రమే చూసిన వారు ఈ తేడాను పట్టుకోలేరు.

పల్లెటూరి చర్చిని ఎంచుకున్నవారికి ఒక ఆచరణ విషయం. 1905 నాటి చట్టం ఫ్రాన్సులో మతాన్ని ప్రభుత్వం నుంచి వేరు చేశాక పాత పారిష్ చర్చిలు చాలావరకు స్థానిక పురపాలక సంస్థల ఆస్తిగా, కథీడ్రళ్ళు, అంటే బిషప్పుల ప్రధాన చర్చిలు, ప్రభుత్వ ఆస్తిగా ఉన్నాయి. అందువల్ల మూసి ఉన్న చర్చి తాళం కోసం మొదట అడగవలసింది ఊరి పురపాలక కార్యాలయంలోనే.

రెండో మెట్టు: నేటి నుంచి వెనక్కి నడవడం

చాలామంది స్థాపకుడి నుంచి మొదలుపెట్టి ముందుకు వస్తారు. నా ఉద్దేశంలో అది తలకిందుల పద్ధతి. ఉల్లిపాయ పొరలు పైనుంచి ఒలిచినట్టు ముందుగా 20వ, 19వ శతాబ్దాల మరమ్మతులను గుర్తించి పక్కన పెడితేనే మిగిలినది మధ్యయుగానిదని చెప్పగలం.

ఫ్రెంచి ప్రభుత్వం కట్టడాల రక్షణ కోసం 1837లో ఒక సంఘాన్ని ఏర్పరచి, 1840లో మొదటి రక్షిత కట్టడాల జాబితా ప్రకటించింది. ఆనాటి నుంచి పేరుకున్న నివేదికలు, అంచనాలు, పటాలు, ఛాయాచిత్రాలు షారెంతోన్-ల-పోన్‌లోని వారసత్వ, ఛాయాచిత్ర గ్రంథాలయంలో ఉన్నాయి. రక్షిత కట్టడాల వివరాలను ఇంటి నుంచే వెతకడానికి ప్రభుత్వపు మెరిమే డేటాబేస్ ఉంది. ఏ సంవత్సరంలో రక్షణ లభించింది, ఏ భాగానికి లభించింది అన్నది అందులో తెలుస్తుంది. అందులో ఇచ్చే నిర్మాణ శతాబ్దం మాత్రం ఒక సూచనే తప్ప తీర్పు కాదు.

ఈ మెట్టు ఎందుకు తప్పనిసరో సెయింట్ డెనీ బాగా నేర్పుతుంది. 1793లో ఫ్రెంచి విప్లవకారులు ఆ చర్చిలోని రాజుల సమాధులను తవ్వి పారేశారు. 1806లో నెపోలియన్ మరమ్మతులకు ఆజ్ఞ ఇచ్చాడు. 1813 నుంచి ఫ్రాన్సువా దెబ్రే అనే వాస్తుశిల్పి మూడు దశాబ్దాలకు పైగా పనులు నడిపించాడు. 1837లో ఉత్తర గోపురం మీద పిడుగు పడితే దాని శిఖరాన్ని మళ్ళీ కట్టించాడు. ఆ బరువుకు కింది గోడలు పగుళ్ళిచ్చాయి. చివరకు 1846–47లో గోపురాన్నే దింపవలసి వచ్చింది. ఆ తర్వాత బాధ్యత వియోలె-ల-ద్యూక్ అనే మరో వాస్తుశిల్పి చేతికి వెళ్ళింది. దెబ్రే హయాంలో పడమటి ద్వారాల శిల్పాలకు కొత్త తలలు అమర్చి, పాత రాతిని పైపైన మళ్ళీ చెక్కారు. కనుక ఆ ద్వారం ముందు నిలబడి ‘1140 నాటి ముఖ కవళికలు’ అని వర్ణించేవారు చాలాసార్లు వర్ణిస్తున్నది దెబ్రే కాలపు పనివారి చేతినే.

మరమ్మతుల ఫైళ్ళు చదివేటప్పుడు రాళ్ళ మార్పిడి లెక్కల మీద దృష్టి పెట్టాలి. ఏ అంకణంలో ఎన్ని ఘనపు మీటర్ల రాయి మార్చారో, ఏ క్వారీ నుంచి తెచ్చారో గుత్తేదారుల బిల్లులు చెబుతాయి. వాస్తుశిల్పి తన నివేదికలో దాచిపెట్టినది గుత్తేదారు బిల్లులో బయటపడుతుంది.

మూడో మెట్టు: పాత బొమ్మలు

మరమ్మతులకు ముందు గీసిన ప్రతి బొమ్మా ఒక సాక్ష్యం. సెయింట్ డెనీ పడమటి ద్వారాలలో స్తంభాలకు అతికినట్టు నిలబడిన రాజులు, రాణుల విగ్రహాలు ఉండేవి. వాటిని 1771లో తొలగించారు. అయినా వాటి రూపం మనకు తెలుసు, ఎందుకంటే బెర్నార్ ద మోన్‌ఫోకోన్ అనే మఠవాసి 1729లో ప్రచురించడం మొదలుపెట్టిన ఫ్రెంచి రాజరిక స్మారకాల గ్రంథం కోసం ఆంత్వాన్ బెన్వా వాటిని గీశాడు. ఆ బొమ్మలతో పోల్చి చూసే అమెరికాలోని బాల్టిమోర్, హార్వర్డ్ సంగ్రహాలలో ఉన్న కొన్ని రాతి తలలు ఆ విగ్రహాలవని గుర్తించగలిగారు.

1851లో ప్రభుత్వం ఐదుగురు ఛాయాచిత్రకారులను దేశం మీదకు పంపి పాత కట్టడాలను చిత్రింపజేసింది. మీ చర్చి ఆ చిత్రాలలో ఉంటే అదృష్టమే. లేకపోతే 19వ శతాబ్దం మొదటి సగంలో తయారైన నెపోలియన్ కాలపు భూమి పటాలను జిల్లా అభిలేఖాగారంలో చూడాలి. కూలిపోయిన చాపెల్, మాయమైన మఠం ఆవరణ, పక్కన ఆనుకున్న ఇళ్ళు వాటిలో గీతలుగా మిగిలి ఉంటాయి. అలాంటి పటాలు చాలావరకు ఇప్పుడు ఆయా జిల్లాల వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి.

నాలుగో మెట్టు: పత్రాలు, వాటిలోని ఉచ్చులు

ఫ్రాన్సు జిల్లా అభిలేఖాగారాలలో విప్లవానికి ముందు నాటి చర్చి పత్రాలు రెండు శ్రేణులలో ఉంటాయి. బిషప్పులు, కథీడ్రళ్ళు, పారిష్‌లవి జీ శ్రేణిలోను, మఠాలవి హెచ్ శ్రేణిలోను వెతకాలి. 1789 నవంబరు 2న చర్చి ఆస్తులను జాతి పరం చేశాక జరిగిన అమ్మకాల కాగితాలు క్యూ శ్రేణిలో ఉంటాయి. సెయింట్ డెనీ వంటి రాజాదరణ ఉన్న మఠం పత్రాలు జాతీయ అభిలేఖాగారానికి చేరాయి. అచ్చయిన దానపత్ర సంకలనాలు, చరిత్ర వృత్తాంతాలు చాలావరకు జాతీయ గ్రంథాలయం వారి గాలికా వెబ్‌సైట్‌లో ఉచితంగా చదవవచ్చు. లాటిన్ రాకపోయినా సంవత్సరం, స్థలం, ‘చర్చి పని’ అనే అర్థం ఇచ్చే ‘ఓపుస్’, ‘ఫాబ్రికా’ అన్న మాటలు పట్టుకుంటే ఏ పేజీని అనువదించుకోవాలో తెలిసిపోతుంది.

సెయింట్ డెనీకి అరుదైన భాగ్యం ఒకటుంది. 1122 నుంచి 1151 వరకు మఠాధిపతిగా ఉన్న సూజేర్ తాను కట్టించిన దాని గురించి తానే రాసిపెట్టాడు. పడమటి భాగం ప్రతిష్ఠ 1140 జూన్ 9న, తూర్పు వేదిక భాగానికి శంకుస్థాపన అదే ఏడాది జూలై 14న, దాని ప్రతిష్ఠ 1144 జూన్ 11న జరిగాయి. పెద్ద దూలాలకు తగిన చెట్లు దగ్గరలో లేవని వడ్రంగులు చెబితే, తాను స్వయంగా ఇవ్‌లీన్ అడవికి వెళ్ళి సరిగ్గా కావలసిన పన్నెండు చెట్లను కనుగొన్నానని చెప్పుకున్నాడు. పోంత్వాజ్ దగ్గర మంచి రాతి క్వారీ దొరికిందన్నాడు. వీటన్నిటికన్నా చరిత్రకారుడికి ఉపయోగపడేది ఒక తుఫాను కథ. డాగోబెర్ట్ రాజు సంస్మరణ దినాన షార్త్ర్ పట్టణపు బిషప్పు పూజ చేస్తుండగా, ఏ ఊతా లేకుండా విడివిడిగా నిలబడి ఉన్న కొత్త కమానులు గాలికి ఊగాయని, అయినా పడలేదని సూజేర్ ఒక అద్భుతంగా వర్ణించాడు. ఆయనకు అది దైవలీల. మనకు మాత్రం అది నిర్మాణ క్రమం: ముందు కమానులు నిలబెట్టి, వాటి మధ్య కప్పు రాళ్ళను తర్వాత నింపారని తెలుస్తుంది.

అంతటి సాక్షి కూడా పొరబడగలడు. తాను విస్తరిస్తున్న పాత చర్చిని 7వ శతాబ్దంలో డాగోబెర్ట్ కట్టించాడని సూజేర్ నమ్మాడు. 20వ శతాబ్దంలో సమ్నర్ క్రాస్బీ అనే అమెరికన్ కళా చరిత్రకారుడు చేసిన తవ్వకాలు, వాటి తర్వాతి పరిశోధనలు ఆ పాత చర్చి మఠాధిపతి ఫుల్రాద్ కట్టించి 775లో ప్రతిష్ఠ చేసినదని తేల్చాయి. భూగృహంలో మరో పొరగా ఉన్నది 832 నాటి మఠాధిపతి హిల్దువాన్ పని. తన కాలం గురించి సూజేర్ మాటకు విలువ ఎక్కువ, తనకు నాలుగు వందల ఏళ్ళ ముందు సంగతికి తక్కువ. ప్రతి పత్రం విషయంలోనూ ఈ తేడాను పాటించాలి.

ఇక ఉచ్చుల సంగతి. ప్రతిష్ఠ జరిగిందంటే కట్టడం పూర్తయిందని అర్థం కాదు. పూజకు పనికి వచ్చిందని మాత్రమే. కొన్నిచోట్ల పని ముగిసిన ఎన్నో ఏళ్ళకు ప్రతిష్ఠ జరిగింది: షార్త్ర్‌లో కథీడ్రల్ పూజారులు 1221 నాటికే కొత్త వేదిక భాగంలో తమ స్థానాల్లో కూర్చున్నా, ప్రతిష్ఠ 1260 అక్టోబరు 24న జరిగింది. అగ్నిప్రమాదం నమోదై ఉంటే చర్చి మొత్తం కాలిపోయిందనుకోవడం మరో పొరపాటు. షార్త్ర్‌లోనే 1194 మంటలు పడమటి ద్వారాలనూ గోపురాలనూ ముట్టలేదు. దానపత్రం సంకల్పాన్ని చెబుతుంది, పూర్తయిన పనిని కాదు. పారిస్ బిషప్పు మోరిస్ ద సల్లీ 1196లో చనిపోతూ నోత్ర్ దామ్ కథీడ్రల్ సీసపు కప్పు కోసం సొమ్ము వదిలాడంటే, ఆ కప్పు అప్పటికి ఇంకా మిగిలి ఉన్న పని అన్నమాట.

అన్నిటికన్నా గడుసు ఉచ్చు సంవత్సరాదిది. ఉత్తర ఫ్రాన్సులో చాలాచోట్ల, రాజ కార్యాలయంలోనూ, కొత్త సంవత్సరం ఈస్టర్ నాడు మొదలయ్యేది. జనవరి 1ని సంవత్సరాదిగా నిర్ణయించిన రాజశాసనం 1564లో గాని రాలేదు. పారిస్ నోత్ర్ దామ్ దక్షిణ అడ్డమండపం అడుగున జాన్ ద షెల్ అనే ప్రధాన శిల్పి పేరుతో ఉన్న శాసనం 1257 ఫిబ్రవరి 12న పని మొదలైందని చెబుతుంది. అది మన లెక్కలో 1258. శక సంవత్సరం ఉగాదితో మారుతుందని తెలిసి, తెలుగు శాసనాలలో మాఘ, ఫాల్గుణ మాసాల తేదీలను క్రీస్తు శకంలోకి మార్చేటప్పుడు జాగ్రత్తపడేవారికి ఈ చిక్కు కొత్త కాదు. జనవరి నుంచి ఏప్రిల్ మధ్య పడే ప్రతి తేదీ పక్కనా ఒక ప్రశ్నార్థకం పెట్టుకుని, ఆ ప్రాంతంలో ఏ సంవత్సరాది అమల్లో ఉండేదో విచారించాకే దాన్ని తీసివేయాలి. సూజేర్ తేదీలు జూన్, జూలైలలో పడడం వల్ల ఈ బెడద వాటికి లేదు.

శిల్పుల పేర్లతో కూడా ఇంతే నిదానం కావాలి. 1231లో మఠాధిపతి ఓద్ క్లెమాన్ మొదలుపెట్టించిన పునర్నిర్మాణం 1281లో ముగిసింది. పియేర్ ద మోంత్రోయ్ అనే శిల్పి పేరు సెయింట్ డెనీ రాతిపని మేస్త్రిగా 1247 నాటి పత్రంలో కనిపిస్తుంది. ఆ ఒక్క ప్రస్తావన ఆధారంగా 1231 నాటి రూపకల్పన కూడా ఆయనదేనని ఒకప్పుడు రాసేవారు. పదహారేళ్ళ ఎడం ఉన్నచోట అలా అనడానికి పత్రం చాలదు. ఆమియెన్ కథీడ్రల్‌లో పరిస్థితి మెరుగు. అక్కడ నేల మీది చిక్కుదారి నడుమ 1288 నాటి శాసనం 1220లో పని మొదలైందని, రొబేర్ ద లుజార్ష్, తోమా ద కోర్మోన్, ఆయన కొడుకు రెనో వరుసగా ప్రధాన శిల్పులని చెబుతుంది.

ఐదో మెట్టు: రాతిని చదవడం

ఇప్పుడు కాగితాలన్నీ మూసిపెట్టి చర్చికి తిరిగి వెళ్ళాలి. కావలసిన సామగ్రి కొద్దిదే: బైనాక్యులర్, కొలత టేపు, బలమైన టార్చి, పెన్సిలు. టార్చిని గోడకు ఏటవాలుగా, దాదాపు గోడను రాసుకుంటూ వేస్తే ఎదురు వెలుతురులో కనబడని ఉలి గీతలు లేచి వస్తాయి.

మొదట వెతకవలసింది అతుకు. ఒక గోడలో రాతి వరసలు ఒకదానితో ఒకటి పెనవేసుకోకుండా, పై నుంచి కిందికి ఒకే నిలువు గీతగా సందు కనిపిస్తే అక్కడ రెండు వేర్వేరు పనులు కలిశాయని అర్థం. దీన్ని ఫ్రెంచి పురావస్తువేత్తలు కత్తి వేటు అంటారు. ఏ వైపు రాళ్ళు సాఫుగా ముగిసి, ఏ వైపువి వాటికి సర్దుకుని ఆనుకున్నాయో చూస్తే ఏది ముందో తెలుస్తుంది. పని ఆపిన మేస్త్రి తర్వాత వచ్చేవారి కోసం రాళ్ళను పళ్ళలాగా బయటికి వదిలి ఉంటే, కొనసాగించాలన్న ఉద్దేశం మొదటి నుంచీ ఉందన్నమాట.

రెండోది వరసల ఎత్తు. ఒక స్తంభం నుంచి మరో స్తంభానికి రాతి వరసల ఎత్తులు కొలిచి పట్టిక వేయాలి. క్వారీ మారినా, మేస్త్రి మారినా, కొన్నేళ్ళు పని ఆగినా ఆ ఎత్తు మారుతుంది. ఇది విసుగు పుట్టించే పని. కానీ అలంకారాలను చూసి చేసే ఊహలన్నిటికంటే నేను ఈ పట్టికనే ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే అలంకారాన్ని అనుకరించేవాడు ఉంటాడు గాని వరసల ఎత్తును అనుకరించేవాడు ఉండడు. పరంజా దూలాలు గుచ్చిన చతురస్రపు బెజ్జాలను కూడా అదే పట్టికలో గుర్తించాలి. వాటి వరస హఠాత్తుగా మట్టం మారినచోట పరంజా కొత్తగా కట్టారు.

మూడోది పనిముట్టు గుర్తు. 12వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో రాతి ముఖం మీద తిన్నని అంచున్న గొడ్డలి వదిలిన ఏటవాలు గీతలు ఎక్కువ. ఉత్తర ఫ్రాన్సులో ఆ శతాబ్దం చివరి భాగం నుంచి పళ్ళున్న పనిముట్టు వ్యాపించి, దువ్వెనతో గీసినట్టు సన్నని సమాంతర రేఖలు కనిపిస్తాయి. అయితే 19వ శతాబ్దపు పనివారు అదే పనిముట్టుతో అనుకరించారు. గీతలు మరీ క్రమంగా, అంచులు మరీ పదునుగా ఉంటే రెండో మెట్టులోని ఫైలును మళ్ళీ తెరవాలి. రాళ్ళ మీద కనిపించే అక్షరాలు, బాణాలు, నక్షత్రాల వంటి గుర్తులు కొన్ని కూలి లెక్క కోసం, కొన్ని రాయి ఎక్కడ కూర్చోవాలో చెప్పడం కోసం వేసినవి. ఒకే గుర్తు రెండు చర్చిలలో కనిపించిందని ఒకే మనిషి రెండుచోట్లా పనిచేశాడనడం తొందరపాటు.

స్తంభాల అడుగు దిమ్మెల అంచులను, కప్పును మోసే కమాను పక్కెముకల అంచులను అడ్డకోతగా గీసుకోవడం ఈ మెట్టులో చివరి పని. మేస్త్రి ఆ ఆకారాన్ని కొయ్య అచ్చులో కోసి పనివారికి ఇచ్చేవాడు. అచ్చు మారితే మేస్త్రో, పని విడతో మారి ఉండవచ్చు. కిటికీలలో కూడా క్రమం ఉంది. షార్త్ర్‌లో గోడ రాతిలోనే రంధ్రాలు తొలిచినట్టున్న కిటికీలు, రైమ్స్ కథీడ్రల్‌లో 1211 తర్వాత మొదలైన సన్నని రాతి కమ్మీల అల్లిక, 1231 నాటి సెయింట్ డెనీలో కమానుల పైన గోడలో నడిచే సన్నని దారి వెనుక గోడకూ గాజు పెట్టిన తీరు ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చినవి. ఈ క్రమం పెద్ద నగరాలకు సరిపోతుంది. మారుమూల ఊళ్ళో పాత పద్ధతి ఒక తరం పాటు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కాలం కొనసాగేది.

ఆరో మెట్టు: కొయ్య, ఇనుము, సున్నం

దూలాలలో కనిపించే చెట్టు ఎదుగుదల వలయాల లెక్క ఈ పని మొత్తంలో సంవత్సరాన్ని నేరుగా చెప్పగలిగే సాధనం. ఓక్ దూలంలో బెరడు కిందిదైన ఆఖరి వలయం మిగిలి ఉంటే చెట్టు నరికిన ఏడాదే కాదు, ఒక్కోసారి ఏ ఋతువులో నరికారో కూడా తెలుస్తుంది. మధ్యయుగపు వడ్రంగులు సాధారణంగా పచ్చి కొయ్యతోనే పనిచేసేవారు కనుక నరికిన కొద్ది కాలానికే దూలం పైకి ఎక్కిందనుకోవచ్చు. బెరడు వైపు భాగం చెక్కేసి ఉంటే మాత్రం ‘ఈ సంవత్సరం తర్వాత’ అన్నంత వరకే చెప్పగలం. పనికిరాని పాత బెజ్జాలున్న దూలం మరెక్కడి నుంచో తెచ్చి వాడినది కావచ్చు. నమూనా తీయడం ప్రయోగశాల నిపుణుల పని. అనుమతి లేకుండా రక్షిత కట్టడంలో సూది మొన కూడా దించరాదు. ఔత్సాహికులు చేయవలసింది ప్రాంతీయ సాంస్కృతిక వ్యవహారాల కార్యాలయంలో ఇదివరకే జరిగిన పరీక్షల నివేదికలు అడిగి తీసుకోవడం.

గచ్చులో చిక్కుకున్న బొగ్గు ముక్కలకు రేడియోకార్బన్ పరీక్ష చేయవచ్చు, కానీ దశాబ్దాల ఎడంతో జవాబిస్తుంది. ఇనుము ఇటీవలి కొత్త సాక్షి. 2019 మంటల తర్వాత పారిస్ నోత్ర్ దామ్‌లో బయటపడిన ఇనుప బందులను పరీక్షించి, 1160ల నుంచే అక్కడ రాళ్ళను ఇనుముతో కలిపారని తేల్చారు.

ఏడో మెట్టు: ఇద్దరు సాక్షులను కలపడం

రాతి నుంచి తేలిన ‘ముందు, తర్వాత’ క్రమాన్ని ఒక కాగితం మీద, పత్రాల తేదీలను మరో కాగితం మీద ఉంచి ఇప్పుడు కలపాలి. సెయింట్ డెనీలో ఈ కలయిక ఒక విచిత్రమైన చిత్రాన్ని ఇస్తుంది. 1144 నుంచి 1231 దాకా ఆ చర్చికి పడమటా తూర్పునా కొత్త కట్టడాలు, వాటి నడుమ ఎనిమిదో శతాబ్దపు పాత మండపం ఉండేవి. మండపాన్ని కూడా మార్చాలని సూజేర్ అనుకున్నాడు, కొంత మొదలుపెట్టాడు, ముగించలేకపోయాడు. పత్రమొక్కటే చదివితే ఆయన చర్చినంతా కట్టించాడనిపిస్తుంది. శైలి మాత్రమే చూస్తే నడిమి మండపం ఆయనది కాదని తెలుస్తుంది గాని, అక్కడ అంతకుముందు ఏముండేదో తెలియదు. ఆ ఖాళీని నింపింది తవ్వకం.

పని ఆగిన జాడ రాతిలో దొరికితే కారణం కోసం ఊరి చరిత్రలోకి వెళ్ళాలి. రైమ్స్‌లో 1233లో పట్టణవాసులు ఆర్చిబిషప్పు మీద తిరగబడి పూజారులను తరిమివేశాక కొన్నేళ్ళు పని నిలిచిపోయింది. బోవే కథీడ్రల్‌లో 1284లో వేదిక భాగపు కప్పు కూలాక స్తంభాల మధ్య కొత్త స్తంభాలు చొప్పించారు. కారణం దొరకకపోతే దాన్ని కల్పించవద్దు. అతుకును అతుకుగానే నమోదు చేయాలి.

చివరి పటంలో ఒక్కో పని విడతకు ఒక్కో రంగు వేసి, పత్రంతోనూ రాతితోనూ రుజువైన భాగాలకు నిండు రంగు, ఒకే సాక్షి ఉన్నచోట గీతల రంగు, ఏదీ లేనిచోట తెలుపు వదలాలి. తెలుపు ఎక్కువగా ఉన్న పటాన్ని చూసి సిగ్గుపడనక్కరలేదు. పటం అడుగున పరిశీలన జరిగిన రోజు, నెల, సంవత్సరం రాయడం మరచిపోవద్దు. సెయింట్ డెనీలో 1840లలో దింపిన ఉత్తర గోపురాన్ని మళ్ళీ నిలబెట్టే పని ఇప్పుడు సాగుతోంది. గోపురం లేని ముఖభాగాన్ని చూసి గీసిన మన పటం కూడా, రేపు ఈ చర్చి చరిత్ర వెతికేవారికి మూడో మెట్టులో చెప్పిన పాత బొమ్మలలో ఒకటవుతుంది.